మూడో రోలర్ చప్పుడు

తమ్ముడి గిటార్ విరగ్గొట్టింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నసగడం నాకు చేతకాదు.

ఆ ఎండాకాలం సమ్మెకి అది రెండో రోజు. అట్టల మిల్లు గేటు ముందు నూట ముప్పై మందిమి బైఠాయించాం. తమ్ముడు పెళ్లిళ్లలో వాయించే పాటల బృందంలో ఉండేవాడు. వాడి యాంప్లిఫయర్నీ మైకునీ అడక్కుండా తోపుడు బండి మీద వేసుకొచ్చాను. గిటార్ కూడా వాటితోపాటు వచ్చేసింది. పది గంటలకి లోపల మిగిలిన సరుకు ఎక్కించుకుని లారీ బయటికి రాబోయింది. ఆపమన్నాం. డ్రైవరు హారన్ కొట్టాడు. నా చేతికి ఏది దొరికితే అది అందుకుని బానెట్ మీద ఒక్కటి వేశాను.

బానెట్‌కి సొట్ట పడింది. గిటార్ మెడ దగ్గర పుటుక్కున విరిగింది. లారీ మాత్రం హాయిగా వెళ్లిపోయింది.

తమ్ముడు వచ్చి రెండు ముక్కలూ చూశాడు. మెడని ఒక చంకలో, మొండేన్ని ఇంకో చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. చచ్చిన మేకని మోసుకెళ్తున్నట్టు ఉంది.

"కొత్తది కొనుక్కుందాంలే రా, ముందు సమ్మె గెలవనీ!" అని మైకులో అరిచాను. జనం చప్పట్లు కొట్టారు. అప్పట్లో నేను ఏమన్నా కొట్టేవాళ్లు.

సమ్మె ఎందుకంటే, మూడో రోలర్ కోసం.

మా మిల్లులో తడి అట్టని ఆరబెట్టడానికి ఆరు రోలర్లుంటాయి. ఒక్కోటీ మనిషి ఎత్తు లావున, ఆవిరితో సలసలా కాగుతూ తిరుగుతుంటుంది. నాన్న అక్కడ ఫిట్టరు. బేరింగ్ బాగుందో లేదో చూడాలంటే ఆయన దగ్గర మీటర్లూ గీటర్లూ ఉండవు. మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ ఉంటుంది. దాని మొన బేరింగ్ పెట్టె మీద ఆనించి, చెక్క పిడి చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్లు మూసుకుంటాడు. ముప్పై నాలుగేళ్లు ఇదే పద్ధతి. పోయిన ఏడాది "రెండో దాంట్లో టక్ టక్ అంటోంది, విప్పండి" అని చెప్పాడు. విప్పలేదు. నెల తిరక్కముందే రోలర్ ఒకవైపు జారి ఒక కుర్రాడి కాలు మోకాలి దాకా పోయింది. ఆ రోజు నుంచి మిల్లులో నాన్న చెవి అంటే వేదం.

ఈ వేసవి మొదట్లో అదే స్క్రూడ్రైవర్ మూడో దానికి పెట్టి, "ఇదీ అంటోంది" అన్నాడు. మేనేజరు తన ఇంజినీరుకి చూపించి బాగానే ఉందన్నాడు. పది రోజులు మిల్లు ఆపి విప్పించే పనే లేదన్నాడు. నాన్న మాట నేను గేటు దగ్గర అరిచి చెప్పాను. మిల్లు ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి ఉంది. నాన్నకి చెవుడు. అమ్మ పోయాక ఇంట్లో ముగ్గురమే. ఉప్పు డబ్బా అందుకోమన్నా ఊరేగింపులో నినాదంలా ఉంటుంది మా ఇంట్లో. అలాంటాయన బేరింగ్ చప్పుడు ఎలా విన్నాడని మాలో ఒక్కరూ అడగలేదు. "మనుషుల మాటకి చెవి కావాలి, మెషిన్ మాటకి ఎముక చాలు" అనేది మా మిల్లు శాస్త్రం. నేనే అందరికంటే గట్టిగా నమ్మాను.

మూడు వారాలు గడిచాయి. చప్పట్లు పల్చబడ్డాయి. గేటు దగ్గర నీడ కోసం కొట్లాటలు మొదలయ్యాయి. కటింగ్ సెక్షన్లో నా పక్కన పనిచేసే పెద్దక్క ఒక రోజు అడిగేసింది.

"ఏమే, మీ నాన్న విన్నది మేము కూడా వినేదెప్పుడే?"

"నమ్మకం లేదా అక్కా?"

"నమ్మకం ఉండబట్టే కదే ఇరవై రోజులు ఎండలో మాడాను. ఇప్పుడు అడుగుతున్నా."

నాకు కోపం వచ్చింది. సమాధానం లేనప్పుడల్లా నాకు వచ్చేది అదే.

ఇంట్లో తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. నాకు చెప్పాల్సినవన్నీ నాన్నకి చెప్పేవాడు. "నాన్నా, ఆవిడ చెప్పులు నా తీగల మీద పెట్టింది." నాన్నకి వినిపించదు. నాకు వినిపించేది. గిటార్ పోయాక పాటల బృందం వాళ్లు ఇంకొకణ్ని పెట్టుకున్నారు. ఆ మాట కూడా నాన్నకే చెప్పాడు, గోడ వైపు తిరిగి.

తర్వాత ఒక మధ్యాహ్నం నేను గేటు నుంచి వచ్చేసరికి నేలంతా చెత్త. పాత అలారం గడియారం, పాడైన కాలింగ్ బెల్లు, కుయ్‌కుయ్‌మనే బొమ్మ ఫోను, అన్నీ పొట్టలు చీల్చి ఉన్నాయి. తమ్ముడు వాటిలోంచి పల్చటి ఇత్తడి బిళ్లలు ఊడదీస్తున్నాడు. చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దవి, మధ్యలో తెల్లటి పూత. గిటార్ మొండెం ఒళ్లో ఉంది. తీగల మోత పట్టే పాత పికప్‌ల వైర్లు తెగి పేగుల్లా వేలాడుతున్నాయి.

"ఏంట్రా ఇవి?"

నాన్న వైపు చూసి చెప్పాడు. "పియెజో బిళ్లలు నాన్నా. కరెంటిస్తే కూస్తాయి. కూయించకుండా చెక్కకి అతికిస్తే, చెక్క అదిరినప్పుడల్లా అవే కరెంటిస్తాయి. పాత పికప్‌లకి ఉక్కు తీగ కదిలితేనే వినపడుతుంది. వీటికి తీగలే అక్కర్లేదు. చెక్కని ఏది తాకినా వినపడుతుంది."

"మెడ లేకుండా దేనికి అది?"

"మెడ ఎవరి వల్ల పోయిందో అడుగు నాన్నా."

రెండు బిళ్లలు జిగురుతో అతికించి, తీగ టంకం వేసి, యాంప్లిఫయర్‌కి కలిపాడు. మొండెం మీద గోటితో ఒక్కసారి మీటాడు. తలుపు మీద బండరాయి పడ్డట్టు ఇల్లంతా మోగింది. నేను అడుగు వెనక్కి వేశాను. తమ్ముడు నవ్వాడు. గిటార్ విరిగాక వాణ్ని నవ్వుతూ చూడటం అదే మొదటిసారి.

నాన్న ఉలిక్కిపడ్డాడు. ఆయనకీ వినిపించింది! లేచి వెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. మొన గోడ గడియారానికి ఆనించి, పిడిని గిటార్ చెక్కకి నొక్కాడు. టిక్, టిక్, టిక్. ఇంట్లో కమ్మరి కొలిమి పెట్టినట్టు ఉంది. నాన్న నోరు తెరిచి అలా నిలబడిపోయాడు. ఆ గడియారం పద్నాలుగేళ్లుగా అక్కడే ఉంది. దానికి చప్పుడుందని ఆయన మర్చిపోయాడు.

నా బుర్రలో మాత్రం వేరేది వెలిగింది.

"ఒరేయ్! ఇది మూడో రోలర్‌కి పెడితే? గేటు బయట నూట ముప్పై మందీ వింటారు కదరా!"

తమ్ముడు మొదటిసారి నా మొహం వైపు చూశాడు.

"ఏది వినిపిస్తే అది చెప్తావా?"

"అదేం ప్రశ్నరా?"

"చెప్తావా, చెప్పవా?"

"చెప్తాను. ఏం వినిపిస్తుందో నాకు తెలుసు కదా."

వాడు స్క్రూడ్రైవర్ లాంటిదే ఇంకో ఇనుప కడ్డీ తెచ్చి, గిటార్ మొండేనికి బోల్టులతో బిగించాడు. మెడ ఉండాల్సిన చోట కడ్డీ. చూస్తే వాయిద్యంలా లేదు, ఆయుధంలా ఉంది. నాకు నచ్చింది.

మిల్లుకీ మాకూ మధ్యవర్తిగా ఉన్న లేబర్ ఆఫీసరు ఈ మాట విని మొదట నవ్వాడు. మేనేజరు నవ్వడం కూడా దండగనుకున్నాడు.

"చెవిటాయన చెప్తాడు, విరిగిన గిటార్ వింటుంది, మేం మిల్లు విప్పాలి. బాగుందమ్మా కచేరీ."

"కచేరీయే సార్. వచ్చి ముందు వరసలో కూర్చోండి. భయమేస్తే వెనక వరసలో."

ఆఫీసరుకి ఈ తలనొప్పి ఎలాగో ఒకలా వదిలితే చాలు. కాగితం రాయించాడు. చప్పుడు వినిపిస్తే మూడో రోలర్ విప్పి బేరింగ్ మార్చాలి. వినిపించకపోతే మర్నాడు పొద్దున అందరం పనిలోకి రావాలి. నేను కిందా మీదా చూడకుండా సంతకం పెట్టాను.

నలభై రెండో రోజు. నన్నూ నాన్ననూ తమ్ముణ్నీ లోపలికి రానిచ్చారు. నెలన్నరగా ఆగిన మిల్లులో తడి అట్ట కుళ్లిన వాసన. మూడో రోలర్ పక్క కిటికీ గేటు వైపే ఉంటుంది. యాంప్లిఫయర్ని ఆ కిటికీలో, మొహం బయటికి పెట్టాం. గేటు దగ్గర మా వాళ్లంతా నిలబడి మెడలు చాచి చూస్తున్నారు. పెద్దక్క కొంగు నెత్తిన వేసుకుని అందరికంటే ముందుంది.

"చప్పుడు ఎంతలో పెట్టాలో ముందు నేను చూసుకుంటా" అన్నాడు తమ్ముడు. హెడ్‌ఫోన్ గుచ్చితే యాంప్లిఫయర్ నోరు మూసుకుంటుంది, వాడికి మాత్రమే వినిపిస్తుంది.

మేనేజరు పిలిపించిన ఆపరేటర్ మెషిన్ వేశాడు. ఆవిరి లేదు, అట్ట లేదు, ఉత్త రోలర్లే తిరుగుతున్నాయి. మేనేజరూ ఆఫీసరూ కాస్త దూరంగా కుర్చీలు వేయించుకున్నారు. తమ్ముడు గిటార్‌ని పొట్టకి ఆనించుకుని, కడ్డీ మొన బేరింగ్ పెట్టె మీద పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. అచ్చం నాన్నలాగే. నేను ఆ మొహంలో మార్పు కోసం చూస్తున్నాను.

పక్కకి జరిపాడు. మళ్లీ పెట్టాడు. రోలర్ అవతలి వైపు వెళ్లాడు. అక్కడా, పక్క రోలర్‌కీ పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

హెడ్‌ఫోన్ తీసి నా తలకి తగిలించాడు. ఒకే ఒరవడిలో సన్నటి హోరు. నిండు కుండలో నీళ్లు తిరుగుతున్నట్టు. ఎక్కడా తట్టుకోదు, తడబడదు.

"ఏదిరా?"

"ఏం లేదక్కా."

"సరిగ్గా పెట్టు."

"ఆరు చోట్ల పెట్టాను. నాలుగో రోలర్‌కి కూడా పెట్టి చూశాను, తేడా తెలుస్తుందేమోనని. రెండూ ఒకటే. మెషిన్ బాగుంది."

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. నూట ముప్పై మంది. కొందరు చెవుల వెనక చేతులు పెట్టుకుని ఉన్నారు. నేను వాడి చెవి దగ్గరికి వంగాను.

"గోటితో చెక్క మీద కొట్టు. రోలర్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకటి. నీ చెయ్యి కనపడకుండా నేను అడ్డం నిలబడతా."

వాడు అర్థం కానట్టు చూశాడు.

"వీళ్లు రెండో రోలర్ అప్పుడు వినలేదురా. బాగానే ఉందని వాళ్లు అబద్ధమాడారు. ఇప్పుడు మనం ఒక్కటి ఆడితే ఏమవుతుంది? పాత లెక్కకి సరి."

"దీన్ని ఒకసారి విరగ్గొట్టావ్" అన్నాడు తమ్ముడు. "రెండోసారి విరగ్గొట్టమంటున్నావ్. నావల్ల కాదు. కొట్టుకో, నువ్వే కొట్టుకో."

గిటార్‌ని నా చేతుల్లో పెట్టాడు. బరువుగా ఉంది. గోరు చెక్క మీద పెట్టాను. ఆ మాట కూడా దాచను. పెట్టాను.

అప్పుడు నాన్న వచ్చి నా తల మీంచి హెడ్‌ఫోన్ తీసుకున్నాడు. తన చెవులకి పెట్టుకుని, తమ్ముడికి చప్పుడు పెంచమని సైగ చేశాడు. పూర్తిగా పెంచమన్నాడు. నా చేతుల్లోని గిటార్‌ని తనే పట్టుకుని కడ్డీ మొన బేరింగ్ మీద సర్దాడు, నాకు పని నేర్పుతున్నట్టు. విన్నాడు. తల ఊపాడు.

"ఉంది. టక్ టక్. అదిగో."

తమ్ముడూ నేనూ మొహాలు చూసుకున్నాం. తమ్ముడు ఆపరేటర్ వైపు తిరిగి చెయ్యెత్తాడు. మెషిన్ ఆపారు. రోలర్ బద్ధకంగా ఒక చుట్టు తిరిగి, ఇంకో సగం తిరిగి, నిలబడిపోయింది. నాన్న కళ్లు మూసుకునే ఉన్నాడు.

"అదిగో" అన్నాడు మళ్లీ. "వింటున్నారా?"

నాన్న కళ్లు తెరిచాడు. ఆగిన రోలర్ చూశాడు. అరచేయి దాని మీద పెట్టాడు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. హెడ్‌ఫోన్ తీసేశాడు. కాసేపు తల వంచి వింటూ ఉండిపోయాడు. తర్వాత గుడ్డతో కడ్డీ మొన తుడిచి, వెనక గేటు నుంచి ఇంటికి వెళ్లిపోయాడు.

మేనేజరు లేచాడు. "ఏమ్మా, కచేరీ అయిందా?"

నేను గేటు దగ్గరికి వచ్చాను, వెనకే తమ్ముడు యాంప్లిఫయర్ మోసుకొచ్చి బండి మీద పెట్టాడు. బండి ఎక్కాను. మైకు అందుకున్నాను. ఏం చెప్పాలో తెలియక మైకు పట్టుకోవడం నాకు అదే మొదలు.

"రోలర్ బాగుంది" అన్నాను. "చప్పుడు లేదు. చప్పుడు మా నాన్న చెవిలో ఉంది. మెషిన్ ఆపినా ఆయనకి వినిపిస్తోంది. మిమ్మల్ని బయటికి లాక్కొచ్చింది నేను. తప్పు నాది."

అరుపులు వస్తాయనుకున్నాను. రాలేదు. అదే భరించలేకపోయాను. జనంలోంచి ఎవరో అన్నారు.

"అంటే మీ నాన్న చెవిపోటుకి మేం నలభై రెండు రోజులు రోడ్డున పడ్డామా?"

"అవును."

"అవునంట! ఎంత తేలిగ్గా అందో చూడండి!"

పెద్దక్క కొంగు దులుపుకుంది. "మా పెద్దదాని చదువు ఈ వేసవితో ఆగిపోయిందే. మీ నాన్నని అనను. ఆయన విన్నదే చెప్పాడు. నువ్వు మాత్రం మా గడప తొక్కకు." అని వెళ్లిపోయింది.

ఒక్కొక్కరే జెండా కర్రలు ఎక్కడివక్కడ పడేసి కదిలారు. నేను తీగలు చుట్టుకుంటున్నాను. బాయిలర్ దగ్గర పనిచేసే బాబాయ్ మాత్రం వెళ్లలేదు. రెండు అడుగులు వెళ్లి, తిరిగొచ్చి, మెల్లగా అడిగాడు.

"అమ్మాయ్, మీ నాన్నకి ఏ చెవిలో?"

"ఏం బాబాయ్?"

"ఏం లేదులే. ఊరికే." వెళ్లిపోయాడు.

మర్నాడు మిల్లు కూత వేసింది. గుమాస్తా గేటు దగ్గర పేర్లు పిలిచి ఒక్కొక్కరినీ లోపలికి పంపాడు. నా పేరు పిలవలేదు. నాన్నది కూడా పిలవలేదు. ఆయన ఇంటి గుమ్మంలో డ్యూటీ చొక్కా వేసుకునే కూర్చున్నాడు. కూత ఆయనకి వినిపించిందో, తన చెవిలోని కూతే విన్నాడో, అడిగే ధైర్యం లేకపోయింది.

తొమ్మిది రోజులు ఆయన మాట్లాడలేదు. మేం అరిచినా తల ఎత్తలేదు. పదో రోజు పొద్దున తమ్ముడు గిటార్ మొండేన్ని తీసుకొచ్చి, యాంప్లిఫయర్‌కి కలిపి బల్ల మీద పెట్టాడు. ఇనుప కడ్డీ ఊడదీశాడు. హెడ్‌ఫోన్ నాన్న చెవులకి తగిలించి, తన నోరు చెక్కకి దాదాపు ఆనించి, గుసగుసగా అన్నాడు.

"నాన్నా, కాఫీ తాగుతావా?"

నాన్న తలెత్తాడు. గది నాలుగు మూలలూ చూశాడు. తర్వాత తమ్ముణ్ని చూశాడు.

"నీ గొంతు ఇంత మారిందేంట్రా" అన్నాడు.

తమ్ముడు ఏదో వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాడు. నాన్న నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. నేను బల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చెక్క దగ్గరికి మొహం వంచాను. చెక్క మీద నా గోటి గీత ఒకటి ఉంది.

"ఆ రోజు గేటు దగ్గర ఏం చెప్పావు?"

ఆయనకి తెలియదు. వెనక గేటు నుంచి వచ్చేశాడు కదా. మేనేజరు మోసం చేశాడని చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు. ఆ ముప్పై నాలుగేళ్ల పేరు ఆయనకి మిగులుతుంది. నేను చెప్పకపోతే ఆయనకి చెప్పేవాళ్లు ఎవరూ లేరు, చెప్పినా వినపడదు.

"చప్పుడు నీ చెవిలోనే ఉందని చెప్పాను నాన్నా."

"అందరి ముందా?"

"మైకులో."

ఆయన దవడ కదిలింది.

"ఏమన్నారు?"

"తిట్టారు. పెద్దక్క గడప తొక్కొద్దంది. బాయిలర్ బాబాయ్ ఒక్కడే... ఏ చెవిలో అని అడిగాడు."

నాన్న హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతో చెవులకి నొక్కుకున్నాడు.

"వాడికీ ఉందా?"

"ఏమో. చెప్పకుండా వెళ్లిపోయాడు."

"రోలర్ల దగ్గర వాళ్లకి? మీ కటింగ్‌లో? ఇంకెవరికుంది?"

"తెలీదు."

"నలభై రెండు రోజులు వాళ్ల మధ్యే కూర్చున్నావు కదే. ఎవర్నైనా అడిగావా?"

"అడగలేదు" అన్నాను.

"అరవకు" అన్నాడు నాన్న. "వినిపిస్తోంది."